కుట్టులో అంగుళం

తెల్లారి ఐదున్నరకి ఆర్కే బీచ్‌లో
మడతబల్ల వేసుకుని కూర్చుంటాం.
ఒక స్టాప్‌వాచీ, ఒక పట్టు మీటరు,
పాదాలు ఆనించడానికో చెక్కపెట్టె,
గాలికి ఎగరకుండా క్లిప్పు పెట్టిన ఖాళీ కాగితాలు.
ఊళ్ళో మగాళ్ళ సత్తువకి ఒక కొలత ఉండాలని,
ఆరువందల మందిని చూసి తేల్చాలని
మా ప్రొఫెసరు గారి పంతం.
ఇరవై నుంచి యాభై తొమ్మిది దాకా.
అరవై దాటినాయన వచ్చి వరసలో నిలబడితే
"మీకు పట్టిక లేదండీ" అని నేనే చెప్పాలి.
చెప్పాను.
ఆయన ఏమీ అనకుండా
పక్కనే ఇసకలో ఇరవై దండీలు తీసి
చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.
ఎక్కడ రాయను?

జాలారిపేట వాళ్ళు
పట్టు మీటరుని తెడ్డు పట్టినట్టు పట్టారు.
ముల్లు చివరిదాకా పోయి వణికింది.
అవే చేతులు, పన్నెండు నిమిషాల పరుగులో
ఏడో నిమిషానికే నడుం మీదికొచ్చాయి.
"పడవలో ఎక్కడికి పరిగెడతాం బావూ"
అన్నాడు సూరాడ దానయ్య, నవ్వి, దగ్గి.
కొత్త బూట్ల బ్యాంకు ఆఫీసరు
పరుగైతే పూర్తిచేశాడు గానీ
కాళ్ళు చాపి ముందుకి వంగమంటే
చేతివేళ్ళకీ కాలివేళ్ళకీ మధ్య
జానెడు గాలి మిగిలింది.
మా పెట్టె మీద సున్నా అంటే కాలివేళ్ళు.
అందకపోతే మైనస్.
ఈ ఊళ్ళో ఎంతమంది మగాళ్ళో
వాళ్ళ కాళ్ళకి వాళ్ళే మైనస్.

మూడొందల పన్నెండో కాగితం ఎల్లాజీది.
అల్లిపురం సందులో దర్జీ. నలభై ఆరేళ్ళు.
నడుం కొలవబోతే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.
"టేపు అలా బిగించకండి బావూ.
ముందు మాటల్లో పెట్టాల.
ఊపిరి ఒగ్గేదాకా ఆగాల. అప్పుడు సూడాల.
కొలతకి నిలబెడితే
పెతీ మగాడూ పొట్ట లోపలికి లాక్కుంటాడు."
అప్పటిదాకా నేను తీసిన
మూడొందల పదకొండు నడుములూ
కాగితాల్లో మెల్లగా ఊపిరి వదిలాయి.

వానలు వెళ్ళేసరికి లెక్క తేలింది.
దండీలు పంతొమ్మిది. బస్కీలు ఇరవై ఏడు.
పట్టు ముప్ఫై ఎనిమిది కిలోలు.
అన్ని గడుల్లోనూ సరిగ్గా నడిమధ్యన పడ్డవాడు
ఆరువందల్లో ఒక్కడూ లేడు.
దగ్గరదాకా వచ్చి ఆగింది మాత్రం
మూడొందల పన్నెండు.

ప్యాంటు కుట్టించుకునే వంకన వెళ్ళి చెప్పాను.
మిషను తొక్కడం ఆపకుండానే అడిగాడు.
"పాసా, ఫెయిలా?"
"రెండూ కాదు ఎల్లాజీ. నువ్వే కొలతవి.
సగం మంది నీకు పైన, సగం మంది కింద."
"ఇంట్లోనూ అంతే కద.
అన్నకి కింద, తమ్ముడికి పైన.
ఇది సెప్పడానికి
అంతమందిని పరిగెట్టించాలేటి?"

లేచి వచ్చి నా నడుం చుట్టూ టేపు వేశాడు.
పిల్లదాని ట్యూషను గురించి అడిగాడు,
కంచరపాలెం అద్దెల గురించి అడిగాడు,
నేనేదో చెబుతూ ఉండగానే
చటుక్కున చదివేశాడు.
ముప్ఫై తొమ్మిది.
నన్ను నేను కొలుచుకుని రాసుకున్నది
ముప్ఫై ఆరున్నర.

గుడ్డ మీద సుద్దతో రెండు గీతలు గీశాడు.
మొదటిది నేను. రెండోది, కాస్త ఎడంగా.
"అదేంటి?"
"లోపలికి మడిచే అంగుళం.
మనిషి అలగే ఉండిపోడు కదేటి.
లావైతే కుట్టు ఇప్పుకుంటాడు,
జొరమొచ్చి తీసిపోతే దగ్గరకి లాక్కుంటాడు.
మీ పట్టికలో ఎంత ఒగ్గినారు?"

పట్టిక అచ్చుకి వెళ్ళడానికి
ఇంకా నాలుగు రోజులుంది.
డిపార్ట్‌మెంటులో ఎవరూ లేనప్పుడు
యాభై తొమ్మిది కింద, పెన్సిల్‌తో,
ఇంకో వరస గీశాను.
దండీలు: ఇరవై.
పేరు తెలీదు. ఇసకలో తీశాడు.